వానొస్తే పొంగే మోరీలు: ముందు ట్యాంకు కట్టాల్నా, వాగు నీళ్ళు చూడాల్నా?

మా నల్గొండ దిక్కు నీళ్ళ టెస్ట్ అంటే ఎవ్వరైనా ఫ్లోరైడే అనుకుంటరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడ్డది, అంత పాత సంబంధం మనకు దానితోని. నేను ఇప్పుడు చెప్పేది ఇంకో రకం టెస్ట్ గురించి. వానకాలంల మోరీలు పొంగి వాగులల్ల, చెరువులల్ల కలుస్తయి చూడండి, దాన్ని ఆపాలంటే ఏం కట్టాలె అని తేల్చుకోనీకి చేసేది. రెండు మూడు మున్సిపాలిటీల డ్రైనేజీ డీపీఆర్ (కట్టబోయే పని ప్లాను, ఖర్చుల రిపోర్ట్) పనులల్ల కింది లెవెల్ల తిరిగిన, కౌన్సిలర్లు, కాలనీ అసోసియేషన్ వాళ్ళు, కొత్తగా జాయిన్ అయిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) అందరు అడిగేది దాదాపు ఒకటే, "అన్నా ఎస్టీపీ (మురుగు శుద్ధి చేసే ప్లాంటు) పెద్దగ చేస్తే అయిపోతదా, లేకుంటే మురుగు పైపులు వేరు వాన కాల్వలు వేరు చేయాల్నా, పొంగే నీళ్ళు ఆపి పెట్టే ట్యాంకు కడ్తే సరిపోతదా?"

నేను తిరిగి అడుగుత, కింద ఆ నీళ్ళు ఎవరు వాడుతున్నరు, స్నానానికా, చేపలకా, వరికా? దానికి జవాబు లేకుండ ట్యాంకు సైజు గురించి మాట్లాడుడు అంటే పెండ్లికూతురిని చూడకముందే మండపం బుక్ చేసినట్టు.

ముందు ఒక లెక్క చూద్దాం, ఇది అర్థమైతే సగం పని అయిపోతది. ఒక హెక్టారు కాలనీల 200 మంది ఉన్నరనుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు, అందుల 80 శాతం మురుగుగ వస్తదని మన ఇంజనీర్లు లెక్క వేస్తరు, అంటే రోజుకు 21,600 లీటర్లు, గంటకు 900. ఇప్పుడు అదే కాలనీ మీద గంటల 20 మిల్లీమీటర్ల వాన పడ్డది, అంటే పెద్ద వాన కూడ కాదు, ఒక మోస్తరు జడివాన. సీసీ రోడ్లు, స్లాబులు ఉన్న జాగల అందుల 60 శాతం పారుతదనుకున్నా 1,20,000 లీటర్లు ఒక్క గంటల వస్తయి. మురుగు కంటే 133 రెట్లు. మన టౌన్లల్ల మురుగు, వాన నీళ్ళు రెండు పోయేది ఒకటే మోరీల, సెప్టిక్ ట్యాంకు ఔట్‌లెట్ కూడ చానా ఇండ్లల్ల దాంట్లకే ఉంటది. ఎస్టీపీ ఎంత పెద్దగ చేసినా 133 రెట్లు ఎవ్వరు కట్టరు, కట్టొద్దు కూడ. కాబట్టి వానల కొంత పొంగుడు పక్కా, ఎంత పొంగనియ్యాలె, ఎక్కడ పొంగనియ్యాలె, పొంగేది ఎట్ల ఉండాలె అన్నదే మన చేతిల ఉన్నది.

ఇంకో మాట, వాన లేని రోజు కూడ మోరీ నీళ్ళు వాగుల పడ్తున్నయంటే అది ఓవర్‌ఫ్లో సమస్యే కాదు, మామూలు మురుగు సమస్య. దానికి స్టడీలు గిట్ల ఏం అక్కర్లేదు, ఏప్రిల్ నెలల మధ్యాహ్నం పోయి నాలా కల్సే కాడ నిలబడితే చాలు, నీళ్ళు కనపడ్డయంటే ముందు అది పట్టుకొని ఎస్టీపీకి మళ్ళించే కట్టు వేయించండి. ఎండకాలం మురుగును వదిలిపెట్టి వానకాలం మోడల్ రన్ చేస్తున్న డీపీఆర్ ఒకటి నేను కండ్లతో చూసిన.

లెక్క పెట్టే దారా, వాగును చూపించే దారా

ఓవర్‌ఫ్లో కంట్రోల్ మీద చానా కొట్లాట జరిగింది అమెరికాల, ఎందుకంటే అక్కడి పాత ఊర్లల్ల మురుగుకు, వానకు ఒకటే పైపు. 1994ల వాళ్ళ ఈపీఏ (పర్యావరణం చూసే ప్రభుత్వ సంస్థ) ఒక పాలసీ తెచ్చింది, అందుల ఊరికి రెండు దారులు ఇచ్చిండ్రు. ఒకటి లెక్క దారి: సంవత్సరానికి సగటున నాలుగు సార్ల కంటే ఎక్కువ పొంగొద్దు, లేదా వానలప్పుడు పైపులల్లకి వచ్చిన మొత్తం నీళ్ళల్ల 85 శాతం పట్టుకొని ట్రీట్ చేయాలె, అట్ల చేస్తే నది బాగుంటదని నమ్ముతం అన్నరు. రెండోది నిరూపణ దారి: నువ్వు ఎన్నిసార్లు పొంగిస్తవో నాకు అక్కర్లేదు, నది నీళ్ళు స్టాండర్డ్‌కి వస్తయని కొలిచి, మోడల్ చేసి చూపించు.

మొదటి దారి చవక, తొందరగ అయితది. వాన డేటా, డ్రైనేజీ మ్యాప్, ఒక పైపుల మోడల్ ఉంటే చాలు. దాని దెబ్బ ఏందంటే నది గురించి ఒక్క ముక్క తెల్వకుండనే కోట్లు పెట్టేయొచ్చు. ఆ నాలుగు సార్లు అన్నది కూడ మన వాన చూసి పెట్టిన నంబర్ కాదు. అక్కడ ఏడాదంతా అప్పుడో ఇప్పుడో వాన పడ్తది, మన దగ్గర ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపల్నే. ఏడాదికి నాలుగు సార్లు అన్నది మనకొచ్చేసరికి ఒకే ముసురుల, ఒకే వారంల అయిపోవచ్చు, ఆ వారం ఆ వాగుకు ఏమైతదో ఆ నంబర్ చెప్పదు.

రెండో దారికి టైం, ల్యాబ్, ఓపిక మూడు కావాలె. కానీ అది కొన్నిసార్లు పెద్ద ఖర్చు తప్పిస్తది, కొన్నిసార్లు పెద్ద ఖర్చే కరెక్ట్ అని కూడ తేలుస్తది. లండన్‌ల థేమ్స్ టైడ్‌వే స్టడీ అట్లాంటిదే, 2005ల రిపోర్ట్ ఇచ్చింది. చేపలు ఎంత తక్కువ ఆక్సిజన్‌ల ఎంత సేపు బతుకుతయో పరీక్షలు చేసి, దాన్ని బట్టి నదికి ఆక్సిజన్ టార్గెట్లు పెట్టుకొని, ఆ తర్వాతనే చిన్న చిన్న మార్గాలను, పెద్ద టన్నెల్‌ను పక్కపక్కన పెట్టి చూసిండ్రు. చివరికి 25 కిలోమీటర్ల టన్నెల్ వచ్చింది, 2025ల మొత్తం కనెక్ట్ అయింది. ఆ లోపల వాన పడ్డప్పుడు నదిల ఆక్సిజన్ ఊదే పడవలు నడిపిండ్రు, వాటి పేరు బబ్లర్, నాకైతే భలే అనిపిస్తది ఆ ఐడియా.

ఎవరు వాడుతున్నరు అన్నదాన్ని బట్టి ఏం కొలవాలె

ఇది జర నిదానంగ చదవండి, ఎంపిక మొత్తం ఇక్కడ్నే తేలుతది.

స్నానాలు ఉన్న రేవు అయితే కొలవాల్సింది బాక్టీరియా. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణల కలుస్తది, గుళ్ళున్నయి, జనం మునుగుతరు. 2016 కృష్ణా పుష్కరాలు ఆగస్టుల వచ్చినయి, నడి వానకాలం, మళ్ళ 2028ల వస్తయి. మన స్నానపు నీళ్ళ ప్రమాణంల ఫీకల్ కోలిఫాం (మలంల ఉండే బాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 500 లోపల ఉంటే మంచిది, 2500 దాటొద్దు. అసలు మురుగుల అది లక్షలల్ల, కోట్లల్ల ఉంటది, కాబట్టి కొంచెం పొంగినా రేవు ఖరాబే. ఇట్లాంటి చోట ఎంత నీళ్ళు పొంగినయి అన్నదాని కంటే ఎన్ని రోజులు పొంగింది, ఆ రోజులల్ల జనం మునుగుతున్నరా లేదా అన్నది ముఖ్యం. పొంగే సార్లు తగ్గించే ట్యాంకు, లేదంటే పొంగే జాగను రేవు కిందికి మార్చుడు, ఈ రెండే నాకు పనికొచ్చేటియి అనిపిస్తయి. క్లోరిన్ కొట్టుడు కూడ ఒక ఆప్షన్ అని వస్తది, కానీ మిగిలిపోయిన క్లోరిన్ చేపలను చంపుతది, దాన్ని మళ్ళ తీసేసే ఏర్పాటు లేకుండ ఒప్పుకోకండి.

చేపలు ఉన్న వాగు అయితే డీఓ, అంటే నీళ్ళల్ల కరిగిన ఆక్సిజన్, దాని తర్వాత అమ్మోనియా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల చేపలకు డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉండాలె, ఫ్రీ అమ్మోనియా 1.2 దాటొద్దు. 30 డిగ్రీల నీళ్ళల్ల ఎంత నిండుగ కరిగినా ఆక్సిజన్ ఏడున్నర దగ్గర ఆగుతది, అంటే మనకు మార్జిన్ మొదట్నుంచే తక్కువ. అమ్మోనియాల ఒక మోసం ఉన్నది: పీహెచ్ 8 ఉన్నప్పుడు ఆ వేడి నీళ్ళల్ల మొత్తం అమ్మోనియాల 7-8 శాతమే ఫ్రీ అమ్మోనియా, అదే విషం, పీహెచ్ 9 అయితే 45 శాతం దాకా పోతది. కాబట్టి పీహెచ్, టెంపరేచర్ రాయని అమ్మోనియా రీడింగ్ ఇస్తే ఆ రిపోర్ట్ వాపస్ ఇచ్చేయండి. డీఓ పడిపోతున్నదని తేలితే మందు కూడ వేరే ఉంటది, చానాసార్లు అది మోరీల అడుగున ఎండకాలమంతా పేరుకున్న బురద, మొదటి వానకు ఒక్కసారే లేచి వస్తది. మిరుగం కంటే ముందే మోరీ పూడిక తీసి, తీసింది గట్టు మీదనే పోయకుండ లారీల తీస్కపోతే చాలు, ట్యాంకు సైజు కూడ తగ్గొచ్చు.

వరికి పారే నీళ్ళు అయితే ప్రమాణాలల్ల చూసేది ఉప్పు, సోడియం, బోరాన్, ఓవర్‌ఫ్లోకి వాటితోని పెద్ద సంబంధం లేదు. అయినా మడిల కాళ్ళు పెట్టి నాట్లేసే ఆడోళ్ళు ఉంటరు కదా, వాళ్ళకు కడుపుల పురుగుల గుడ్లు, చర్మం దురదలు, ఇది స్టాండర్డ్ టేబుల్‌ల దొరకదు, మీరే అడిగి పెట్టించాలె.

ఇగ చెరువు సంగతి పూర్తిగ వేరు. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు లాగ ఊరి నడుమ ఉన్న చెరువుల వచ్చింది వచ్చినట్టు నిలుస్తది. వాగుల అయితే ఒక రాత్రి కష్టం, పొద్దుగాలకు కిందికి పోతది, చెరువుల పడ్డ ఫాస్ఫరస్ మాత్రం మత్తడి దుంకినా చానా వరకు బురదల్నే ఉండి వచ్చే ఎండకాలం గుర్రపుడెక్కగ లేస్తది. అందుకే చెరువుకు ఎన్నిసార్లు పొంగింది అని లెక్క పెడ్తే లాభం లేదు, సంవత్సరానికి మొత్తం ఎన్ని కిలోల లోడ్ (అంటే మురికి) పోయింది అన్నది చూడాలె. ఇక్కడ ఆ 85 శాతం లెక్క నాలుగు సార్ల లెక్క కంటే చానా నయం.

స్టడీ ఎంత పెద్దది కావాలె

నెలకోసారి బాటిల్ నింపుకొచ్చేది ఒక రకం, వారాల తరబడి నీళ్ళల్లనే సెన్సార్ పెట్టేది ఇంకో రకం, వాన రాత్రి గంట గంటకు శాంపిల్ తీసేది మూడోది, వీటన్నిటి మీద మోడల్ నడిపేది నాలుగోది.

నెలకోసారి బాటిల్ అనేది ఓవర్‌ఫ్లోకి దాదాపు వేస్ట్, ఏడాదికి పన్నెండు శాంపిళ్ళల్ల వాన రాత్రి పడేది ఒకటన్నా ఉంటదో లేదో. దానికి తోడు మనోళ్ళు పోయేది పొద్దున పదకొండు గంటలకు. నీళ్ళల్ల పాచి పగలు ఆక్సిజన్ ఇస్తది, రాత్రి తనే తాగుతది, అందుకే డీఓ బాగా పడిపోయేది తెల్లారకట్ట. ఒకసారి ఒక వాగు మీద నెలల తరబడి డీఓ బాగానే ఉన్నదని రిపోర్ట్‌లు వచ్చినయి, వాన పడ్డ రాత్రి నేను, ల్యాబ్ పిల్లగాడు ఇద్దరం బండి మీద పోయి నాలుగున్నరకు శాంపిల్ తీసినం. గాజు సీసా బుడగ లేకుండ మెడ దాకా నింపి, అందుల మ్యాంగనీస్ సల్ఫేట్ వేసి, ఆ తర్వాత ఆల్కలీ అయొడైడ్ వేస్తే లోపల మెత్తటి మడ్డి లాంటిది పడ్తది. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు, లేకుంటే తెల్లగ. టార్చ్ వేసి చూసినం, పాలు విరిగినట్టు తెల్లగ దిగింది. పిల్లగాడు మందు పాడైందేమో అన్న అని ఇంకో సీసా నింపిండు, అది కూడ తెల్లగనే.

ఇంకోటి, ఆక్సిజన్ అన్నింటికంటే తక్కువ ఉండేది మోరీ కల్సే కాడ కాదు, కొంచెం కిందికి పోయినంక. ఒహాయో నది మీద పని చేసి స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925ల ఈ వంపు లెక్క ఇచ్చిండ్రు, ఇప్పటికి చానా మోడల్స్‌కి అదే పునాది. నీళ్ళు సెకనుకు 0.3 మీటర్లు పారుతున్నయనుకుంటే రోజుకు 26 కిలోమీటర్లు పోతయి, బురద పూర్తిగ ఆక్సిజన్ తాగే లోపల ఆ నీళ్ళు రెండు మండలాలు దాటొచ్చు. మోరీ నోటి కాడ మాత్రమే శాంపిల్ తీసి అంతా మంచిగున్నది అంటే కింది ఊరోళ్ళు నవ్వుతరు.

సెన్సార్ మంచిదే కానీ ఎవరో ఒకరు వారానికోసారి తుడవాలె, పాచి పట్టిందంటే అది వాగు సంగతి కాదు, పాచి సంగతి చెప్తది. దొంగలు కూడ ఎత్తుకపోతరు, మర్చిపోవద్దు. మోడల్ అనేది చివర్ల, కొలిచిన డేటా చేతికి వచ్చినంకనే. వాన డేటాకి మండలాలల్ల పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నయి, అది మన రాష్ట్రానికి మంచి సౌకర్యం, కానీ టౌన్ నడుమ ఒక వానకొలత డబ్బా మీరే పెట్టుకోండి, మన వాన ఒక గల్లీల పడి పక్క గల్లీల పడదు.

చిన్న టౌన్‌కి నేను చెప్పేది, ఒక్క వానకాలంల మూడు వానలు పట్టుకోండి: మిరుగం మొదటి వాన ఒకటి, నడుమ ముసురు ఒకటి, గట్టి వాన ఒకటి. కలిసే కాడికి పైన ఒకటి, కింద రెండు మూడు జాగలు. ఇది మోడల్ అంత గొప్పగ ఉండకపోవచ్చు కానీ ఏ రకం కంట్రోల్ కావాలో చెప్పనీకి చానాసార్లు సరిపోతది.

మూసీ పక్క ఊర్లకు ఒక జాగ్రత్త

కాలుష్య మండలి 2018 లిస్టుల 351 నది స్ట్రెచ్‌లు ఉంటే, హైదరాబాద్ నుంచి నల్గొండ దాకా మూసీ అందుల మొదటి ప్రయారిటీల ఉన్నది. బీఓడీ, అంటే నీళ్ళల్ల మురికి ఎంత ఆక్సిజన్ తాగుతదో చెప్పే కొలత, లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటితే ఆ మొదటి ప్రయారిటీ. పైనుంచి వచ్చే నీళ్ళే అట్ల ఉన్నప్పుడు వలిగొండ దిక్కు ఒక చిన్న ఊరు తన మోరీ పొంగకుండ ఎంత చేసినా నది రీడింగ్‌ల ఏం తేడా కనపడదు. అప్పుడు నిరూపణ దారి పట్టుకుంటే రెండే అయితయి, మేమేం చేసినా లాభం లేదని చేతులు ఎత్తేసుడు, లేదా తేడా చూపించాలని అవసరానికి మించి కట్టుడు. అమెరికా పాలసీల కూడ దీనికి దారి ఉన్నది, వేరే వాళ్ళ కాలుష్యం వల్ల నది బాగుపడకపోతే మొత్తం లోడ్‌ను అందరికి పంచి, ఎవరి వాటా వాళ్ళు తగ్గించాలని. అందుకే మూసీ ఒడ్డు ఊర్లకు నేను లెక్క దారే చెప్త, మీ మోరీ నుంచి పోయే కిలోలు ఇంత తగ్గాలె అని పెట్టుకోండి, నదికి పైన, కింద శాంపిల్ తీసి తేడా వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇప్పుడు కట్టేవాటి మాట

మన టౌన్లల్ల ఎక్కువ వస్తున్నది నాలాకు అడ్డం చిన్న కట్టు వేసి మురుగును పైపుల పెట్టి ఎస్టీపీకి పంపే పద్ధతి. పైన చెప్పిన హెక్టారు లెక్కనే తీసుకోండి, ఆ పైపు మురుగుకు మూడు రెట్లు పట్టుతదంటే వాన నీళ్ళకు మిగిలే జాగ గంటకు 1800 లీటర్లు. అంటే గంటకు 0.3 మిల్లీమీటర్ల తుంపర పారినా కట్టు మీద నుంచి దుంకుతది. బ్రిటన్‌ల పాత లెక్క ఒకటి ఉన్నది, ఫార్ములా ఏ అంటరు, మామూలు మురుగు మీద మనిషికి రోజుకు ఇంకో 1360 లీటర్లు దాకా ఎస్టీపీ దిక్కే పోవాలె, ఆ పైనదే పొంగాలె. మన హెక్టారుకు అది పెడ్తే గంటకు దాదాపు 1.9 మిల్లీమీటర్ల వాన దాకా ఆగుతది. అంటే ముసురు వానలు చానా వరకు ఆగుతయి, జడివానలు ఆగవు. టెండర్ల ఈ ఒక్క నంబర్ అడగండి, మీ కట్టు ఎన్ని మిల్లీమీటర్ల వానకు దుంకుతది అని. నేను అడిగినప్పుడల్ల మీటింగ్‌ల నిశ్శబ్దమే.

ట్యాంకు గురించి: 40 హెక్టార్ల వార్డు, 8000 మంది. మొదటి 5 మిల్లీమీటర్ల వానల పారే 60 శాతం పట్టాలంటే 12 లక్షల లీటర్లు, 20 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 3 లోతు. జాగ దొరుకుతది అనుకుందాం. దాన్ని ఒక రోజుల ఖాళీ చేయాలంటే ఎస్టీపీకి రోజుకు 12 లక్షల లీటర్లు అదనం, ఆ వార్డు మామూలు మురుగే 8.64 లక్షలు. అంటే ఎస్టీపీల అంత ఖాళీ లేకుంటే ట్యాంకు నిండే ఉంటది, రెండో రోజు వానకు మళ్ళ పొంగుతది, నడుమ వాసన వేరే. ముసురు పట్టిన వారంల ఇదే జరుగుతది.

మురుగు వేరు, వాన వేరు చేసుడు అనేది పుస్తకాలల్ల అన్నింటికంటే మంచిది, కొత్త లేఔట్లల్ల అయితే కండ్లు మూసుకొని అదే చేయండి. పాత బస్తీ గల్లీలల్ల మాత్రం ఇంటింటికి రెండు కనెక్షన్లు మార్చాలె, పది ఇండ్లల్ల ఇద్దరు మార్చకుంటే వాన కాల్వల మురుగు పోతనే ఉంటది, అప్పుడు ఖర్చు రెండింతలు, వాగు మాత్రం అట్లనే.

నా ఎంపిక అడిగితే ఇట్ల చెప్త. మహబూబ్‌నగర్ లాగ చెరువున్న టౌన్‌కి లోడ్ లెక్క, కట్టు మీద పెద్ద పైపు, పూడిక, ట్యాంకు చివర్ల. స్నానాల రేవున్న ఊరికి ఒక వానకాలం బాక్టీరియా స్టడీ తప్పనిసరి, పొంగే జాగ మార్చుడు మొదటి ఆప్షన్. మూసీ ఒడ్డుకు లెక్క దారి. మంచి వాగు, చేపలు ఇంకా బతికున్న చోటు అయితే మాత్రం వాగును చూపించే దారే, ఎంత టైం పట్టినా సరే, అట్లాంటి వాగులు మనకు ఎన్ని మిగిలినయని.

శాంపిల్‌కి పోయేటోళ్ళకు రెండు ముచ్చట్లు. బాక్టీరియా సీసా ఐస్‌ డబ్బాల పెట్టి ఆరు గంటల లోపల ల్యాబ్‌కి చేరాలె, కాబట్టి వాన మొదలవ్వకముందే ల్యాబ్‌ల ఎవరు ఉంటరో ఫోన్ చేసి పెట్టుకోండి. మన దగ్గర బీఓడీ 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, గురువారం పెడ్తే రీడింగ్ ఆదివారం వస్తది, ల్యాబ్ తాళం వేసి ఉంటది. సీసాల మీద లేబుల్ ఇంట్లనే అంటించుకొని పెన్సిల్‌తోని రాసుకోండి, వానల తడిసిన చేతికి పెన్ను పని చేయదు.